అన్నం పొడిపొడిగా రావాలంటే: ఫ్రైడ్ రైస్ మీద విశాఖ పాఠకుల ప్రశ్నలు

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువభాగం రాత్రి భోజనానికి ఇంట్లో చేసుకునే ఫ్రైడ్ రైస్ గురించే. ఒకేలాంటివాటిని కలిపి జవాబులిస్తున్నాం. కొలతల్లో తికమక రాకుండా ముందే ఒక మాట: గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు పట్టేది, చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా అంటే 15.

ప్రశ్న: ఎప్పుడు చేసినా ముద్దైపోతోంది. సోనామసూరి బియ్యం గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్లో మూడు విజిల్స్ రానిస్తాను. కూరగాయలు వేగాక ఆ అన్నం వేసి కలుపుతాను. మా అత్తగారు "ఇది కిచిడీయేనమ్మా" అంటున్నారు. బాస్మతి కొనాల్సిందేనా? – ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: బాస్మతి అక్కర్లేదండి. మన సన్నబియ్యంతోనే చక్కగా వస్తుంది. బాపట్ల వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే రైతులు బీపీటీ 5204 అని పిలిచేది, గింజ సన్నమే అయినా సరిగ్గా వండితే విడివిడిగా నిలబడే రకం. కొట్లో అడగాల్సిందల్లా "పాతవేనా?" అని. కొత్త బియ్యం తొందరగా మెత్తబడి అతుక్కుంటాయి. కనీసం ఆర్నెల్లు నిలవున్నవి, ఏడాది దాటినవైతే ఇంకా మంచిది.

మీ ఇంట్లో ముద్దవడానికి కారణం నీళ్లు, వేడి, తొందర, ఈ మూడూ కలవడం. పప్పులోకో చారులోకో కలుపుకునే అన్నానికి రెండున్నర గ్లాసుల నీళ్లు సరిపోతాయి. ఫ్రైడ్ రైస్‌కి అది చాలా ఎక్కువ. కుక్కర్లోంచి అప్పుడే తీసిన అన్నంలో గింజ లోపల మెత్తగా, పైన గంజి తడితో ఉంటుంది. దాన్ని మూకుట్లో వేసి గరిటె తిప్పితే గింజలు విరుగుతాయి, విరిగిన చోటల్లా గంజి బయటికొచ్చి జిగురు పడుతుంది. అక్కణ్ణుంచి ఎంత మంట పెట్టినా బాగుపడదు.

అన్నం వండడానికి రెండు దారులున్నాయి. కుక్కర్లోనే అయితే, బియ్యం మూడు నాలుగు సార్లు నీళ్లు దాదాపు తేటపడేదాకా కడిగి, 20 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లు పూర్తిగా వంచేయండి. గ్లాసుకి గ్లాసున్నర నీళ్లు, అర చెంచా ఉప్పు, చెంచా నూనె. మధ్యస్థం మంట మీద రెండు విజిల్స్ చాలు. నానబెట్టే తీరిక లేకపోతే గ్లాసుకి ఒకటిముప్పావు. కొత్త బియ్యమే ఉంటే ఇందులో పావు గ్లాసు తగ్గించండి. ఆవిరి దిగిన వెంటనే మూత తీసేయాలి. మూత పెట్టి అలాగే ఉంచితే ఆ ఆవిరికే ఇంకాస్త ఉడికి మెత్తబడుతుంది.

రెండోది వార్చడం. మేమైతే దీన్నే సిఫార్సు చేస్తాం, ఎందుకంటే గంజితోపాటు జిగురూ వెళ్లిపోతుంది. గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్లు తెర్లనిచ్చి, చెంచా ఉప్పు వేసి, నానిన బియ్యం వేయండి. ఏడెనిమిది నిమిషాలకి ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. అంచులు మెత్తబడి నడుమ సన్నగా పలుకు తగలాలి. అప్పుడే వార్చేయాలి. "ఇంకో నిమిషం చూద్దాం" అనుకుంటే ఆ పలుకు కాస్తా పోతుంది.

ఏ దారిలో వండినా, అన్నాన్ని చిల్లుల గిన్నెలో కుప్పగా వదిలేయకండి. అడుగున్న అన్నం ఆ బరువుకీ వేడికీ చితికిపోతుంది. పెద్ద పళ్ళెంలోనో తాంబాళంలోనో వేళ్ల మందానికి మించకుండా పరచి ఫ్యాను కింద 20 నిమిషాలు ఉంచండి. విశాఖలో గాలిలోనే తేమ ఎక్కువ, అందులోనూ వానాకాలంలో ఊరికే పరిస్తే ఆరదు. ఫ్యాను తప్పనిసరి. మధ్యలో ఒకసారి ఫోర్కుతోనో వేళ్లతోనో పైకెత్తినట్టు కదపండి. చేత్తో పట్టుకుంటే మెతుకులు వేళ్లకి అంటకుండా జారిపోవాలి. అప్పటిదాకా పొయ్యి వెలిగించాల్సిన పనే లేదు.

ప్రశ్న: ముందురోజు అన్నంతోనే ఫ్రైడ్ రైస్ బాగుంటుందని అందరూ అంటారు. రాత్రి మిగిలిన అన్నం గిన్నెలోనే మూతపెట్టి వంటింట్లో ఉంచి, మర్నాడు సాయంత్రం వేయించుకోవచ్చా? చద్దన్నం తినేవాళ్లమేగా. – ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: అలా మాత్రం చేయకండి. ముందురోజు అన్నం బాగుంటుందన్న మాట నిజం. వండినప్పుడు ఉబ్బి మెత్తబడిన పిండిపదార్థం చల్లబడేకొద్దీ మళ్లీ బిగుసుకుంటుంది, గింజ గట్టిపడుతుంది, గరిటెకి విరగదు. ఫ్రిజ్ చల్లదనంలో ఈ బిగుసుకోవడం ఇంకా వేగంగా జరుగుతుంది. కానీ ఆ రాత్రంతా అన్నం ఉండాల్సింది ఫ్రిజ్‌లో, గట్టు మీద కాదు.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా తాలూకు బీజాలు సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికే వేడికి అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేయించినా పోదు. ఎంత పెద్ద మంట మీద ఎంతసేపు వేయించినా సరే. అన్నం వాసన మారకపోయినా, జిగురు రాకపోయినా విషం ఉండవచ్చు. కాబట్టి ముక్కుతో చూసి తేల్చుకోవడం కుదరదు. మన విశాఖ ఎండాకాలపు రాత్రుల్లో వంటింటి వేడి ఆ బ్యాక్టీరియాకి చక్కగా సరిపోతుంది.

చద్దన్నం సంగతి వేరండి. నీళ్లలోనో మజ్జిగలోనో వేసి పులియబెట్టింది, ఆ పులుపు కొంతవరకు కాపాడుతుంది, పైగా పొద్దున్నే తినేస్తాం. పొడన్నం ఇరవై గంటలు గట్టు మీద ఉండటం దానితో పోల్చదగింది కాదు.

చేయాల్సింది ఇది: రాత్రి వండగానే మర్నాటికి కావలసినంత అన్నం తీసి పళ్ళెంలో పరచండి. వేడి తగ్గగానే, వండిన గంటలోపు, వెడల్పాటి డబ్బాలో పల్చగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. లోతు గిన్నెలో కుప్పగా పెడితే నడుమ వేడి గంటలపాటు అలాగే ఉంటుంది. 24 గంటల్లోపు వాడేయండి. తీశాక గడ్డలుగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. మూకుట్లో వేయకముందే తడిచేత్తో గడ్డలు విడదీయండి. మూకుట్లో వేశాక గరిటెతో పొడిస్తే మెతుకులు ముక్కలవుతాయి.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగస్తులం, ఇంటికొచ్చేసరికి ఏడున్నర. పిల్లలకి ఎనిమిదింటికల్లా పెట్టాలి. నలుగురికి గుడ్డు ఫ్రైడ్ రైస్ కచ్చితమైన కొలతలతో, ఏది ఎప్పుడు వేయాలో చెప్పండి. – ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: అరగంటలో కావాలంటే అన్నం ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉండాలండి. అప్పటికప్పుడు వండాలంటే నానబెట్టడం, ఆరబెట్టడం కలుపుకుని గంట పైనే పెట్టుకోండి. అందుకే ముందురోజు రాత్రి వంటలోనే రెండు గ్లాసుల బియ్యం అదనంగా పోసుకోవడం మీలాంటివాళ్లకి మంచి అలవాటు.

రెండు గ్లాసుల బియ్యం సుమారు 350 గ్రాములు, వండితే 900 గ్రాములకి అటూఇటూ అవుతాయి. దీనికి నాలుగు గుడ్లు, ఒక పెద్ద క్యారెట్, పది పన్నెండు బీన్స్, తరిగిన క్యాబేజీ 100 గ్రాములు, చిన్న క్యాప్సికం ఒకటి, ఉల్లికాడలు చిన్న కట్ట, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిర్చి. నూనె మొత్తం ఐదు పెద్ద చెంచాలు. సోయా సాస్ ఒకటిన్నర పెద్ద చెంచా, వెనిగర్ చెంచా, మిరియాల పొడి చెంచా, ఉప్పు అర చెంచాతో మొదలుపెట్టి చివర్లో రుచి చూసి సరిచేసుకోవాలి.

క్యారెట్, బీన్స్ శనగగింజ కంటే పెద్ద ముక్కలు కాకూడదు. పెద్దవైతే పచ్చిగా ఉంటాయి, అవి ఉడకాలని మూత పెడతారు, మూత పెడితే నీరు ఊరుతుంది, ఆ నీరంతా అన్నం తాగేస్తుంది. కూరగాయలు కడిగాక గుడ్డతో తుడిచి తరగండి. అన్నీ తరిగి, సాసులు మూతలు తీసి, పొయ్యి పక్కన వరసగా పెట్టుకున్నాకే వెలిగించండి. మొదలయ్యాక సీసా మూత తిప్పే తీరిక కూడా ఉండదు.

ముందు గుడ్లు. మూకుడు బాగా కాలాక పెద్ద చెంచా నూనె పోసి, గిలక్కొట్టిన గుడ్లు చిటికెడు ఉప్పుతో పోయండి. పొంగుతూ అంచులు గట్టిపడతాయి. పెద్ద ముక్కలుగా కదిపి, పైన ఇంకా తడి మెరుపు ఉండగానే తీసేయండి. తర్వాత అన్నంలో మళ్లీ వేగుతాయి కాబట్టి ఇక్కడే గట్టిపడితే చివరికి రబ్బరులా ఉంటాయి.

మిగతాది రెండు వాయిలుగా చేయాలి. ఇక్కడే చాలామంది సర్దుకుపోతారు, "రెండుసార్లెందుకు" అని. ఇంటి పొయ్యి మంటకి ఒకేసారి 900 గ్రాముల చల్లన్నం వేస్తే మూకుడు చల్లారిపోతుంది. అప్పుడు అన్నం వేగదు, తన ఆవిరిలో తనే ఉడుకుతుంది. అరకిలోకి మించకుండా వేయండి. ఒక్కో వాయి ఐదు నిమిషాలే.

వాయికి రెండు పెద్ద చెంచాల నూనె. పెద్ద మంట. సగం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లికాడల తెల్లభాగం వేసి 20 సెకన్లు. వెల్లుల్లి అంచులు రంగు తిరిగీ తిరగకముందే బీన్స్, క్యారెట్ వేసి రెండు నిమిషాలు. క్యాబేజీ, క్యాప్సికం వేసి అర నిమిషం మాత్రమే, ఎందుకంటే వాటిలో నీరు ఎక్కువ. ఉప్పు ఇప్పుడే వేయకండి, కూరగాయల్లో నీరు బయటికి లాగేస్తుంది. ఇప్పుడు సగం అన్నం వేసి, మూకుడంతా పరచి, అరనిమిషం కదపకుండా వదిలేయండి. తర్వాత అడుగు నుంచి పైకి తిప్పి మళ్లీ పరచండి. ఇలా మూడు నాలుగు సార్లు. ఈసారి చెవి పెట్టి వినండి. చుయ్యిమనే చప్పుడు ఆగకుండా రావాలి. చప్పుడు తగ్గి ఆవిరి లేస్తోందంటే తడి ఎక్కువైందని లెక్క. అప్పుడు ఇంకేమీ వేయకుండా అన్నాన్ని అంచులకి జరిపి ఆ తడి ఆరనివ్వాలి.

సాసు చివర్లో. అన్నం మీద ఒకేచోట పోస్తే ఆ చోటే నల్లబడి ఉప్పగా తగులుతుంది. కాలిన మూకుడు అంచు వెంట గుండ్రంగా పోసి, బుసబుసమనగానే కలపండి. ఉప్పు, మిరియాల పొడి, వెనిగర్, సగం గుడ్లు, ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వేసి రెండుసార్లు తిప్పి దించేయండి. ఈ వాయి వడ్డిస్తుండగానే రెండోది అయిపోతుంది. పిల్లలకి మొదటి వాయిలో పచ్చిమిర్చి మానేసి, పెద్దవాళ్లకి రెండోదాంట్లో రెండూ వేసుకోవచ్చు. రెండు వాయిలుగా చేయడంలో ఇదీ ఒక సుఖం.

ప్రశ్న: ఇనుప మూకుడా, నాన్‌స్టిక్కా? నాన్‌స్టిక్‌లో అంటుకోదు గానీ ఆ వేగిన రుచి రావట్లేదు. ఇనుప దాంట్లో మొత్తం అడుగంటేస్తోంది. – ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం

జవాబు: ఫ్రైడ్ రైస్‌కి ఇనుప మూకుడే. నాన్‌స్టిక్ పూతని 260 డిగ్రీల సెల్సియస్‌కి మించి వేడి చేయకూడదు, ఆ పైన పూత పాడవడం మొదలవుతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే అక్కడికి చేరుకుంటుంది. కాబట్టి నాన్‌స్టిక్ ఉన్నవాళ్లు మధ్యస్థం మంటతో సరిపెట్టుకోవాలి, వాయి ఇంకా చిన్నది చేసుకోవాలి. తినడానికి బాగానే ఉంటుంది, కమురు వాసన మాత్రం ఆశించకూడదు.

ఇనుప మూకుడు అడుగంటడానికి కారణం అది పదును ఎక్కకపోవడం. తోమి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, గుడ్డతో నూనె చాలా పల్చగా పూసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చండి. ఇలా మూడుసార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లటి పొరలా పట్టుకుంటుంది. తర్వాత సబ్బు పీచుతో గట్టిగా రుద్దకండి, వేడినీళ్లు పోసి మెత్తటి పీచుతో కడిగితే చాలు. విశాఖలో సముద్రపు ఉప్పుగాలికి ఇనుము రాత్రికి రాత్రే తుప్పు చూపిస్తుంది. కడగ్గానే పొయ్యి మీద తడి ఆర్చి, ఒక చుక్క నూనె రాసి పెట్టాలి.

వండేటప్పుడు ఖాళీ మూకుడిని ముందు రెండు మూడు నిమిషాలు కాల్చి, ఒక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే ఆవిరైపోతే ఇంకా కాలాలి, ముత్యంలా జారి పరిగెత్తితే తయారైనట్టు. అప్పుడు నూనె, వెంటనే సరుకు. చల్ల మూకుట్లో నూనె, అన్నం కలిపి పెడితే ఎంత పదునెక్కిన మూకుడైనా అంటుకుంటుంది.

ప్రశ్న: ఏ నూనె మంచిది? నువ్వుల నూనె వేస్తే చైనా హోటళ్ల వాసన వస్తుందా? – ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: వేయించడానికి రిఫైన్డ్ వేరుశనగ, పొద్దుతిరుగుడు, తవుడు నూనెల్లో ఏదైనా సరే. ఎక్కువ వేడికి తట్టుకుంటాయి. ఆవకాయలో వేసే మన నువ్వుల నూనెతో ఆ వాసన రాదు. వాళ్లు వాడేది నువ్వుల్ని బాగా వేయించి తీసిన ముదురురంగు నూనె. అది కూడా వేయించడానికి కాదు, దించాక అర చెంచా చల్లుకోవడానికి.

ప్రశ్న: సాయంత్రాలు ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గర తినే ఫ్రైడ్ రైస్ రుచి ఇంట్లో ఎందుకు రాదు? అజినమోటో వల్లేనా? అది వేస్తే ప్రమాదమంటారు కదా. – ఒక విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆ రుచిలో ఎక్కువభాగం మంటది. బండి మీద బర్నరు మంట మూకుడు చుట్టూ పైకి ఎగసేలా ఉంటుంది. వాళ్లు అన్నం ఎగరేసినప్పుడు మెతుకుల మీది నూనె తుంపరలు ఆ మంటలో కాలతాయి, ఆ కమురు వాసనే మీకు గుర్తుండిపోయేది. ఒక్కోసారి ఒకటి రెండు ప్లేట్లే వేస్తారు కాబట్టి మూకుడు చల్లారదు. నూనె ధారాళంగా పోస్తారు. అన్నం పలుకుగా వండి ముందే ఆరబెట్టుకుంటారు. పైన తెల్లమిరియాల పొడి, ఉప్పు, సాసులు, అజినమోటో.

ఇంట్లో అంత మంట రాదు, ఇంటి గ్యాసుతో అన్నం ఎగరేయడం వల్ల లాభమూ లేదు. ఎగరేసినంతసేపూ మూకుడికి దూరమై చల్లబడుతుంది. దానికి బదులు ఇద్దరికి సరిపడా మాత్రమే వేసి, ఎక్కువసేపు కదపకుండా పరచి ఉంచండి. మెతుకుల అడుగుభాగం అక్కడక్కడ లేత గోధుమరంగు తిరగాలి. సాసు అంచు మీద కాలనివ్వండి. నల్లమిరియాల బదులు తెల్లమిరియాల పొడి అర చెంచా వేస్తే బండి వాసనకి చాలా దగ్గరికొస్తారు.

అజినమోటో అంటే మోనోసోడియం గ్లుటమేట్. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు చారులోని రుచికి మూలమేంటో వెతికి పట్టుకున్నది గ్లుటమేట్‌ని. టమాటాల్లో, పుట్టగొడుగుల్లో సహజంగానే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1987లో దీన్ని పరిశీలించి, రోజుకింత మించకూడదన్న సంఖ్యా పరిమితి అవసరం లేదని తేల్చింది. నలుగురి వంటకి పావు చెంచా చాలు, ఎక్కువేస్తే నోరంతా ఒకటే రుచి. ఏడాదిలోపు పసివాళ్లకి పెట్టేదాంట్లో వేయకండి. ఇందులోనూ సోడియం ఉంది, మామూలు ఉప్పులో ఉన్నదాంట్లో మూడోవంతు. వేసినప్పుడు ఉప్పు ఆ మేరకు తగ్గించండి. వేయకపోయినా ఫ్రైడ్ రైస్ బాగుంటుంది. అన్నం తడిగా ఉంటే మాత్రం ఇది వేసినా బాగుండదు.

ప్రశ్న: సోయా సాస్ వేస్తే నల్లగా, ఉప్పగా అవుతోంది. వేయకపోతే చప్పగా ఉంది. – ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: మీ సీసా డార్క్ సోయా అయ్యుంటుంది, అది రంగు కోసం, చెంచా కంటే ఎక్కువ పట్టదు. రుచికి లైట్ సోయా వాడండి. మామూలు సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో అర చెంచాకి కాస్త తక్కువగా ఉప్పు ఉంటుంది, బ్రాండును బట్టి మారుతుంది. అన్నం వండినప్పుడు ఉప్పు, కూరగాయల్లో ఉప్పు, మళ్లీ సాసు, ఇలా మూడుచోట్ల పడుతోంది కాబట్టి ఉప్పగా ఉంటోంది. సాసు పడ్డాకే రుచి చూసి ఉప్పు వేయండి.

ప్రశ్న: ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి రొయ్యలు తెచ్చుకుంటాం. ఫ్రైడ్ రైస్‌లో వేస్తే గట్టిగా సాగుతున్నాయి, అన్నం కూడా నీచువాసన వేస్తోంది. – ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: హార్బర్ పక్కనే ఉండి రొయ్య పాడుచేసుకోకూడదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

కొనేటప్పుడే పెంకు గట్టిగా, తల ఊడిపోకుండా, మెరుస్తూ ఉన్నవి చూడండి. అమ్మోనియా ఘాటు ఏమాత్రం తగిలినా వదిలేయండి. ఇంటికి తెచ్చేదాకా ఐసులోనే ఉండాలి. తలా పెంకూ తీస్తే బరువు దాదాపు సగం పోతుంది, అందుకని నలుగురికి కావలసిన 300 గ్రాముల రొయ్యకి 600 గ్రాములు కొనాలి. వీపు మీద చాకుతో గీటు పెట్టి నల్లనరం తీసేయండి. నీచువాసనకి సగం కారణం అదే. మిగతా సగం తడి. కడిగాక చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వదిలి, గుడ్డతో అద్ది, అప్పుడు అర చెంచా ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, చెంచా కార్న్‌ఫ్లోర్ పట్టించండి. ఈ పిండి పల్చటి పొరలా ఉండి రొయ్యలోని రసాన్ని బయటికి పోనివ్వదు. పసుపు వేస్తే అన్నమంతా పచ్చబడుతుంది, ఇక్కడ వద్దు.

వేయించడం విడిగా, అన్నిటికన్నా ముందు. బాగా కాలిన మూకుట్లో ఒకటిన్నర పెద్ద చెంచాల నూనె పోసి, రొయ్యలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ఒకవైపు నిమిషం, రెండోవైపు ముప్పావు నిమిషం. చిన్నవైతే మొత్తం నిమిషమే. గాజులా ఉన్నది తెల్లబడి, పైన ఎరుపు తిరిగి, కొద్దిగా వంగగానే తీసేయాలి. పూర్తిగా గుండ్రంగా ముడుచుకుపోయిందంటే అప్పటికే ఎక్కువ ఉడికింది, సాగుతుంది. కూరలో ఉడికించినట్టు నీళ్లు ఇగిరేదాకా ఉంచడమే మీరు చేస్తున్న పొరపాటు అనుకుంటాం. దించే ముందు అన్నంలో కలిపి రెండుసార్లు తిప్పితే చాలు.

మామూలు రోజుల్లో పచ్చి రొయ్య లేకపోతే ఎండు రొయ్యలు వాడి చూడండి. రెండు పెద్ద చెంచాలు వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు పిండేసి, వెల్లుల్లితోపాటు నూనెలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, ఆపైన అన్నం. చైనా వంటల్లోనూ ఎండు రొయ్యలు బాగా వాడతారు, మన ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎలాగూ నిలవ ఉంటాయి. వాటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి సోయా సాస్ సగం చేయండి.

ప్రశ్న: మావారు బి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. మేం ఎనిమిదింటికి తింటాం. ఆయన వాటా మూకుట్లోనే మూతపెట్టి ఉంచి వేడిచేస్తే మెత్తబడిపోతోంది. – ఒక పాఠకురాలు, ఉక్కునగరం

జవాబు: మూత కింద ఆవిరి నీరై మళ్లీ అన్నం మీదే పడుతుంది, అందుకే మెత్తబడుతోంది. రెండున్నర గంటలు గోరువెచ్చగా ఉండటం, పైన ముందురోజు అన్నం ప్రశ్నలో చెప్పిన బ్యాక్టీరియా వల్ల కూడా మంచిది కాదు. ఆయన వాటా అన్నం వేయించకుండానే ఫ్రిజ్‌లో ఉంచండి. కూరగాయలు మీకు వేయించేటప్పుడే వేయించి, చల్లార్చి, చిన్న డబ్బాలో అదీ ఫ్రిజ్‌లో. ఆయన చేతులు కడుక్కునేలోపు నాలుగు నిమిషాల్లో వేడివేడిగా వేయించి పెట్టొచ్చు. గుడ్డు అప్పుడే కొట్టండి. ఇప్పటికే వేయించిన ఫ్రైడ్ రైస్ ఫ్రిజ్‌లో మిగిలితే, చెంచా నీళ్లు చిలకరించి అంతటా పొగలు కక్కేలా ఒక్కసారే వేడిచేయండి. రెండోసారి వేడిచేసి తినకండి.

ప్రశ్న: కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేయొచ్చా? – ఒక పాఠకురాలు, సింహాచలం

జవాబు: నిరభ్యంతరంగా. అల్లం సన్నగా తరిగి పెద్ద చెంచా, పచ్చిమిర్చి మూడు, కొత్తిమీర కాడల తరుగు నూనెలో ముందు వేయండి. క్యాబేజీ, క్యాప్సికం పాళ్లు కాస్త పెంచండి. మిరియాలు అప్పటికప్పుడు దంచి వేస్తే వెల్లుల్లి లేని లోటు తెలీదు. సాసు సీసా మీద ఉన్న వివరాలు మాత్రం చదవండి, కొన్ని సాసుల్లో వెల్లుల్లి ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. పాడేరు నుంచి తెలిసినవాళ్లు సామలు తెచ్చిచ్చారు. వాటితో ఫ్రైడ్ రైస్ చేయొచ్చా? ఆయన ఎంతైనా తినొచ్చా? – ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: చేయొచ్చు, బాగుంటుంది కూడా. ఎంతైనా తినడం మాత్రం కుదరదండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల సామల్లో పిండిపదార్థం సుమారు 65 గ్రాములు, పాలిష్ బియ్యంలో సుమారు 78. పీచు దాదాపు 8 గ్రాములు, బియ్యంలో 3 కంటే తక్కువ. మేలే, కానీ పిండిపదార్థం తక్కువేమీ కాదు. ఆయన పళ్ళెంలో సగం కూరగాయలు ఉండేలా చూడండి. గుడ్డు తినేవారైతే రెండు గుడ్లు. ఎంత తినాలన్నది ఆయన్ని చూసే డాక్టరుగారిని అడిగి, తిన్న రెండు గంటలకి ఒకసారి రక్తంలో చక్కెర చూసుకుంటే తేలుతుంది.

వండటంలో తేడా ఉంది. గింజ చిన్నది, తొందరగా మెత్తబడుతుంది. రాళ్లు, ఇసుక లేకుండా గాలించి, అరగంట నానబెట్టి, నీళ్లు వంచేసి, గ్లాసు సామలకి ఒకటిముప్పావు గ్లాసుల నీళ్లు తెర్లించి అందులో వేయండి. మూతపెట్టి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు. నీళ్లు ఇగిరాక పొయ్యి కట్టేసి ఐదు నిమిషాలు ఆగి పళ్ళెంలో పరచండి. వేడిగా ఉండగా గరిటె పెడితే ఉప్మాలా తయారవుతుంది. పూర్తిగా చల్లారి, వేళ్లతో రాలిస్తే విడిపోయే దశలోనే మూకుట్లో వేయాలి. సాసు బియ్యానికి వేసినదాంట్లో సగమే పోయండి, చిన్న గింజ తడిని వెంటనే పీల్చుకుంటుంది. వాయికి 300 గ్రాములు మించకండి.

ప్రశ్న: పొద్దున చేసి పిల్లల బాక్సులో పెడితే మధ్యాహ్నానికి చెమ్మగిల్లి ముద్దగా ఉంటోందట. – ఒక పాఠకురాలు, మురళీనగర్

జవాబు: వేడిగా పెట్టి మూత బిగించడం వల్ల. వేయించాక పళ్ళెంలో పరచి పది నిమిషాలు ఫ్యాను కింద ఉంచి, అప్పుడు సర్దండి. క్యాబేజీ, టమాటా బాక్సు రోజున మానేయండి, క్యారెట్, బీన్స్, స్వీట్‌కార్న్ చాలు. బాక్సుకి చేసేటప్పుడు అన్నం ముందురాత్రిదే అయినా ఫ్రిజ్‌లోంచి తీసిందై ఉండాలి, పొద్దున్నే బాగా వేగాలి. రాత్రి భోజనంలో మిగిలిన ఫ్రైడ్ రైస్‌నే వేడిచేసి పెట్టొద్దు. మళ్లీ నాలుగైదు గంటలు గోరువెచ్చగా బాక్సులో ఉంటుంది, పిల్లల పొట్టకి అది భారం.